ఎండలు ముదరకముందే: పిల్లల కంటి ఎలర్జీకి జాగ్రత్తలు

శివరాత్రితో చలి వెళ్లిపోయింది. ఇక బెజవాడ, గుంటూరు ఎండల సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. నిరుడు వేసవిలో మీ పిల్లవాడు కళ్లు నలుపుకుంటూ, నీళ్లు కార్చుకుంటూ, వెలుతురులోకి రావడానికే ఏడ్చి ఉంటే ఈ ఏడు కూడా అది తిరగబెట్టే అవకాశమే ఎక్కువ. అప్పటిదాకా ఆగకుండా, కళ్లు ఇంకా తెల్లగా ఉన్న ఈ రోజుల్లోనే ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి. ఈ జబ్బు విషయంలో ముందుగా వెళ్లినవారికీ, ఎర్రబడ్డాక పరుగెత్తినవారికీ చాలా తేడా ఉంటుంది.

గుంటూరులో కళ్లద్దాల నంబరు పరీక్షించడం నా ఉద్యోగం. మార్చి నుంచి జూన్ దాకా నా ముందు కూర్చునే పిల్లల్లో ఈ ఎలర్జీ ఉన్నవారిని గుమ్మంలోనే గుర్తుపట్టవచ్చు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని లోపలికి వస్తారు. కుర్చీలో కూర్చోగానే చూపుడువేలు మడిచి, ఆ కణుపుతో కంటి మూలలో గుండ్రంగా రుద్దడం మొదలుపెడతారు. ఎంత గట్టిగా రుద్దుతారంటే చూసేవాళ్లకు భయం వేస్తుంది.

డాక్టర్లు దీన్ని వెర్నల్ కెరటో కంజంక్టివైటిస్ అంటారు. చీటీ మీద వీకేసీ అని రాస్తారు. పాత తరం వైద్యులు స్ప్రింగ్ కటార్ అనేవారు. పై రెప్ప లోపలివైపు బొడిపెలు లేస్తాయి. కొందరిలో నల్లగుడ్డు అంచు చుట్టూ జిగురు ముద్దలాంటి వాపు, దాని మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. తెల్లగుడ్డు క్రమంగా మట్టిరంగుకు తిరుగుతుంది. పుసి దారంలా సాగుతుంది. పొద్దున లేవగానే తడిగుడ్డతో తుడవబోతే కంటి మూల నుంచి తీగలు తీగలుగా వస్తూనే ఉంటుంది. మామూలు కళ్లకలక వారం పది రోజుల్లో సర్దుకుంటుంది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఇది నెలల తరబడి వేధిస్తుంది కానీ ఎవరికీ అంటదు. బడిలో ఎర్రటి కళ్లు చూసి ఇంటికి పంపించేస్తుంటారు, అదీ సరిగ్గా పరీక్షల రోజుల్లో. ఇది అంటువ్యాధి కాదని డాక్టరు చేత ఒక కాగితం రాయించుకుని, ముందే క్లాసు టీచరుకు ఇచ్చి ఉంచండి. కిటికీ పక్కన కాకుండా లోపలి వరుసలో కూర్చోబెట్టమని అడగండి.

ఎండ, దుమ్ము ఎక్కువగా ఉండే దేశాల జబ్బు ఇది. పశ్చిమ ఐరోపాలో పదివేల మందిలో కొద్దిమందికే కనిపించే ఈ వ్యాధి, రువాండాలో బడిపిల్లలను పరీక్షించినప్పుడు నూటికి నలుగురిలో బయటపడింది. మనకు దగ్గరి లెక్క కావాలంటే హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 468 మంది రోగుల వివరాలతో 2013లో ప్రచురించిన అధ్యయనం ఉంది. వారి సగటు వయసు 12 ఏళ్లు. ఒక ఆడపిల్లకు ఆరుగురికి పైగా మగపిల్లలు. మూడో వంతు మందికి పైగా ఏడాది పొడవునా బాధపడుతున్నవారే, వాళ్లకు వేసవితో పని లేదు. "మా ఇంట్లో ఎవరికీ ఎలర్జీ లేదండీ, వీడికి ఎందుకు వచ్చింది?" అని తల్లులు అడుగుతుంటారు. ఆ అధ్యయనంలో కుటుంబంలో ఎలర్జీ ఉన్నవారు సుమారు 5 శాతమే. కాబట్టి వంశంలో లేదని తోసిపుచ్చకండి, మీ పెంపకంలో ఏదో లోపమని బాధపడకండి.

చాలామంది పిల్లల్లో యుక్తవయసు వచ్చేసరికి ఇది దానంతట అదే సద్దుమణుగుతుంది. ఇరవై దాటినా వదలనివారు కొద్దిమంది. అంటే మన పని అప్పటిదాకా చూపు చెడకుండా కాపాడుకోవడం. చూపు ఎక్కువగా చెడేది రెండు దారుల్లో: పర్యవేక్షణ లేకుండా వాడే స్టెరాయిడ్ చుక్కల వల్ల, కళ్లు రుద్దడం వల్ల. కొందరిలో జబ్బు తీవ్రత వల్ల నల్లగుడ్డు మీద పుండు కూడా పడుతుంది, దాని గురించి తర్వాత చెబుతాను.

స్టెరాయిడ్ చుక్కలు

రుమాలులో చుట్టిన పాత చుక్కల సీసాను ఒక తల్లి నాకు చూపించింది. లేబులు సగం చెరిగిపోయింది. ఎప్పుడో ఒక డాక్టరు వారానికని రాసిన మందు అది. ఆ తర్వాత కళ్లు ఎర్రబడినప్పుడల్లా సీసా మందుల షాపులో చూపించి "ఇదే ఇవ్వండి" అని కొనుక్కుంటూ వచ్చింది. "వేసిన పూటకే తగ్గిపోతుంది మేడం" అంది. ఆమె చెప్పింది నిజమే, స్టెరాయిడ్ అంత త్వరగానే ఉపశమనం ఇస్తుంది. అందుకే అది ప్రమాదం.

ఈ చుక్కలు వారాలు, నెలలు వాడితే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పిల్లవాడు ఏమీ చెప్పడు. లోపల మాత్రం చూపు నరం దెబ్బతింటూ ఉంటుంది. అదే గ్లకోమా, మన పెద్దవాళ్లు నీటికాసులు అనేది. పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. దీర్ఘకాలం వాడితే పిల్లలకు కూడా శుక్లాలు వస్తాయి. పదేళ్ల పిల్లవాడికి ముసలితనపు జబ్బులు తెచ్చిపెట్టే సీసా డాక్టరు చీటీ లేకుండా చేతికి రావడం నన్ను ఎప్పటికీ బాధించే విషయం. చట్టప్రకారం ఇవి చీటీ మీదే అమ్మవలసిన మందులు.

మీ ఇంట్లో ఉన్న సీసా లేబులు ఇప్పుడే చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, డైఫ్లుప్రెడ్నేట్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్: వీటిలో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడే. చివరి రెండూ కొంత మృదువైనవి, అంతమాత్రాన ఇష్టం వచ్చినట్టు వాడదగినవి కావు. యాంటీబయోటిక్‌తో కలిపి వచ్చే సీసాలతో మరీ జాగ్రత్త. పైన యాంటీబయోటిక్ పేరు పెద్దగా కనిపిస్తుంది, స్టెరాయిడ్ పేరు దాని వెనకే ఉంటుంది. ఎరుపు తగ్గించే నాఫజోలిన్ లాంటి చుక్కలు కూడా వద్దు. మానగానే ఎరుపు మళ్లీ ఎక్కువవుతుంది.

అయితే స్టెరాయిడ్ శత్రువేమీ కాదు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు కంటిని కాపాడేది అదే. డాక్టరు కొద్ది రోజులకు రాసి, మెల్లగా తగ్గించుకుంటూ ఆపిస్తారు. రాసినన్ని రోజులు వాడండి, మీ అంతట మీరు పెంచవద్దు, హఠాత్తుగా మానవద్దు. వెళ్లిన ప్రతిసారీ "బాబు కంటి ప్రెషర్ చూశారా అండీ?" అని అడగండి. అడిగే హక్కు మీకు ఉంది.

ఎక్కువ కాలం వాడుకోగల మందులు వేరే ఉన్నాయి. ఓలోపటడిన్, కీటోటిఫెన్ వంటి చుక్కలు దురదను ఆపుతాయి, ఎలర్జీ కణాలు రెచ్చిపోకుండా చూస్తాయి. ఎండలు ముదరడానికి రెండు మూడు వారాల ముందు మొదలుపెడితే వీటి బలం తెలుస్తుంది. ఇప్పుడే వెళ్లమని నేను పోరు పెడుతున్నది అందుకే. వాటితో లొంగకపోతే సైక్లోస్పోరిన్ చుక్కలు, టాక్రోలిమస్ కంటి ఆయింట్‌మెంటు రాస్తారు. ఇవి మొదట్లో మండుతాయి, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. మంటకు భయపడి నాలుగో రోజునే మానేసి మళ్లీ పాత సీసా దగ్గరికి పోయేవాళ్లు చాలామంది. ఓపిక పట్టండి, మరీ భరించలేకపోతే డాక్టరుకు చెప్పండి. మాటిమాటికీ స్టెరాయిడ్ అవసరం లేకుండా చేసేవి ఇవే.

రుద్దడం మాన్పించాలి

పై రెప్ప కింద బొడిపెలు ఉన్నప్పుడు కన్ను రుద్దితే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, గరుకు కాగితంతో రాసినట్టే. ఏళ్ల తరబడి రుద్దితే ఆ పొర పలచబడి శంకువులా ముందుకు సాగవచ్చు, దాన్ని కెరటోకోనస్ అంటారు. నా గదిలో అది మొదట సిలిండర్ నంబరుగా, అంటే కార్నియా వంపు అన్నివైపులా ఒకేలా లేనప్పుడు కళ్లద్దాల చీటీలో రాసే నంబరుగా, బయటపడుతుంది. ఆరు నెలలకోసారి సిలిండర్ పెరుగుతోందంటే కళ్లద్దాలు మార్చి ఊరుకోవద్దు, కార్నియా ఆకారాన్ని పటంలా చూపించే టోపోగ్రఫీ పరీక్ష చేయించండి. తొలిదశలో పట్టుకుంటే క్రాస్ లింకింగ్ అనే చికిత్సతో ముదరకుండా ఆపవచ్చు.

"రుద్దకు" అని అరిచినందువల్ల దురద ఆగదు, చేతికి మరో పని చెప్పాలి. చల్లటి నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన కళ్ల మీద ఐదు పది నిమిషాలు ఉంచండి. డాక్టరు చెప్పిన కృత్రిమ కన్నీటి చుక్కలు వేస్తే దుమ్ము, పుప్పొడి కూడా కొట్టుకుపోతాయి. రాత్రి నిద్రలో రుద్దుకుంటాడు కనుక గోళ్లు కత్తిరించి ఉంచండి.

ఇల్లు, వీధి, పొలం

ఉగాదికి ముందు బూజులు దులపడం, అటక మీద సామాను దించడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ రోజు పిల్లవాణ్ణి అమ్మమ్మ ఇంటికో, పక్కింటికో పంపండి. కూలర్‌ను ఈ ఏడు మొదటిసారి వేసేముందు పాత గడ్డి తీసేసి కొత్తది పెట్టండి, గాలి సూటిగా ముఖానికి తగలనివ్వకండి. ఏసీ ఉంటే ఫిల్టర్ కడగండి. దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి.

గుంటూరు చుట్టుపక్కల ఈ నెలల్లో కల్లాలన్నీ మిరపకాయలతో ఎర్రగా ఉంటాయి, మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వస్తూనే ఉంటాయి. మిరపఘాటు ఈ జబ్బుకు మూలం కాదు, ఉన్న మంటకు ఆజ్యం పోస్తుంది. తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లులు ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోండి. ఆ చేతులతో చుక్కలు అసలే వేయకండి.

బెజవాడ రోడ్ల మీద బండి ముందు ట్యాంకు మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని పోయే నాన్నలను రోజూ చూస్తాం. ఎదురుగాలి, దుమ్ము అంతా ఆ కళ్లలోకే. పక్కల కూడా మూసి ఉండే కళ్లద్దాలు, ముందుకు అంచు ఉన్న టోపీ తప్పనిసరి. క్రికెట్ మానిపించనక్కరలేదు, ఎండ తగ్గాక ఆడనివ్వండి, రాగానే ముఖం కడిగించండి. ఈతకొలను నీళ్లలోని క్లోరిన్ కళ్లను మండిస్తుంది, గాగుల్స్ లేకుండా దిగనివ్వకండి. కళ్లు ఎర్రగా ఉన్న రోజుల్లో ఈత వద్దు, కాలువలో అయినా సరే.

ఇక ఇంటి వైద్యాలు. కళ్లలో చనుబాలు, ఆముదం, తేనె, పసర్లు పోయవద్దు. ఎలర్జీ కంటిలో సూక్ష్మక్రిములు చేరితే కార్నియా మీద పుండు పడుతుంది. నందివర్ధనం పూలను రెప్పల మీద పెట్టడం పెద్దలకు అలవాటు. చల్లదనం కోసమే అయితే తడిగుడ్డ చాలు, ఆ పువ్వు తొడిమ నుంచి వచ్చే పాలు కంటికి తగలకూడదు. వేడి చేసిందని గుడ్డు, వంకాయ మాన్పించి పత్యం పెడుతుంటారు. ఈ జబ్బుకూ తిండికీ సాధారణంగా సంబంధం ఉండదు, ఎదిగే పిల్లవాడి కడుపు కాల్చవద్దు.

చుక్కలు వేసేటప్పుడు సీసా మూతి రెప్పకు తగలకూడదు. ఒక్క చుక్క చాలు. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టండి. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగండి. సీసా తెరిచిన తేదీని దాని మీదే రాసి, నెల దాటితే పారేయండి.

ఒక్క కన్నే హఠాత్తుగా నొప్పి పెట్టినా, పిల్లవాడు కన్ను తెరవలేకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించినా అది కార్నియా మీద పుండు కావచ్చు. ఆ రోజే వెళ్లాలి, తెల్లారేదాకా ఆగవద్దు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కంటి విభాగాలు ఉన్నాయి. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన చుక్కల సీసాలన్నీ, ఖాళీవైనా సరే, పాత చీటీలతో కలిపి సంచిలో వేసుకుని వెళ్లండి. ఏది ఎన్ని నెలలు వాడారో దాచకుండా చెప్పండి. కంటి ఒత్తిడి, చూపు నరం ఎంత నిశితంగా చూడాలో డాక్టరు నిర్ణయించేది దాన్నిబట్టే.