సినిమా పత్రిక కవర్ డిజైన్ చేస్తున్నారా?

పత్రిక పేరు పైభాగంలోనే ఉంచండి. షాపులో పత్రికల్ని ఒకదాని వెనక ఒకటి వరసగా పేర్చినప్పుడు బయటికి కనిపించేది ఆ పై అంచే. హీరో తల పేరు మీదికి కాస్త వస్తే ఫొటోకి లోతు వచ్చి ఎంతో అందంగా ఉంటుంది. కానీ తెలుగులో జాగ్రత్త! గుడి, కొమ్ము, వత్తు కప్పేస్తే అక్షరమే మారిపోతుంది. ‘సితార’లో గుడి దాగితే ‘సతార’ అని చదువుతారు. గుణింతం గుర్తు గానీ వత్తు గానీ లేని అక్షరం మీదికే తల జరపండి. పేరు కొత్తదైతే అసలు కప్పొద్దు, జనానికి అది ఇంకా అలవాటు కాలేదు.

కళ్లు సూటిగా చూసే ఫొటో ఎంచుకోండి. హెడ్డింగులు పక్కన ఖాళీలో వేయండి, ముఖం మీద మాత్రం వద్దు. వత్తులు కింది లైనుకు తగలకుండా లైన్ల మధ్య జాగా పెంచండి.