హోమ్‌స్టెడ్ రైతు జీవితాన్ని భూమి కాగితాల్లోంచి రాబట్టడం ఎలా

అమెరికాలో ప్రభుత్వ భూమిలో కాపురముండి సాగు చేసినవారికి దాన్ని సొంతం చేసిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద పొలం సంపాదించి, ఊరికి పెద్దయిన రైతు గురించి రాయాలంటే కౌంటీ చరిత్ర పుస్తకంతో మొదలుపెట్టకండి. అందులో చాలావరకు పొగడ్తే, వివరాలు తరచుగా ఆ కుటుంబం ఇచ్చినవే. ఆ భూమి కోసం అతను పెట్టిన దరఖాస్తు, రుజువుల కాగితాలున్న ఫైలైతే అతను ఎన్ని ఎకరాలు దున్నాడో, ఇంటికి ఎన్ని తలుపులు పెట్టాడో చెబుతుంది.

ముందు పట్టా వెతకండి. ప్రభుత్వ భూములను పంచిన జనరల్ ల్యాండ్ ఆఫీసు రికార్డుల వెబ్‌సైటులో రాష్ట్రం, పేరు ఇస్తే దాని స్కాన్ ఉచితంగా దొరుకుతుంది. ఇంటిపేరు స్పెల్లింగు మార్చి మార్చి చూడండి. పట్టాలోంచి ల్యాండ్ ఆఫీసు పేరు, సర్టిఫికెట్ నంబరు, భూమి వివరం రాసుకోండి. ఈ వివరం దగ్గరే చాలామంది పొరబడతారు. సర్వేలో భూమిని టౌన్‌షిప్‌లనే చదరాలుగా విడగొట్టారు: టౌన్‌షిప్‌కు 36 సెక్షన్లు, సెక్షన్‌కు 640 ఎకరాలు, అందులో పావు భాగం 160 ఎకరాలు. సెక్షన్ల అంకెలు ఈశాన్య మూల 1తో మొదలై పడమరకు 6 దాకా వెళ్తాయి. కింది వరుసలో 7 నుంచి మళ్లీ తూర్పుకు తిరుగుతాయి, నాగలి చాలు తిరిగినట్టు. ప్రతి వరుసనూ ఒకే వైపు నుంచి లెక్కపెడితే పొలం మైళ్ల అవతల తేలుతుంది.

ఆ మూడు వివరాలతో వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి పూర్తి ఫైలు తెప్పించుకోవాలి. అసలు విలువ అక్కడుంది. అయిదేళ్లు కాపురముండి సాగు చేశాక రైతు ఇచ్చే తుది రుజువు పత్రం చూడండి. ఉదాహరణకు, నెబ్రాస్కాలో బియాట్రిస్ ఊరి దగ్గర డేనియల్ ఫ్రీమన్ అనే హోమ్‌స్టెడ్ రైతు 1868లో ఇచ్చిన రుజువులో 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న ఇల్లు, దాదాపు 35 ఎకరాల సాగు, 100 అడుగుల గొర్రెల కొట్టం, 40 ఆపిల్ చెట్లు, సుమారు 400 పీచ్ చెట్లు ఉన్నాయి. చట్టం అమల్లోకి వచ్చిన 1863 జనవరి 1న అతను అర్ధరాత్రి దాటగానే ఆఫీసు తెరిపించి దరఖాస్తు పెట్టాడన్న కథ ప్రసిద్ధం. కాగితం మీదున్నది తేదీ మాత్రమే కాబట్టి అర్ధరాత్రిని కథగానే రాయండి.

రుజువుకు సంతకం చేసిన ఇద్దరు సాక్షుల పేర్లు వదలకండి. వాళ్లు సాధారణంగా పక్క పొలాలవాళ్లే, వాళ్ల ఫైళ్లలో మీ రైతు సాక్షిగా కనిపించవచ్చు. ఊళ్లో అతని మాటకున్న విలువ తెలిసేది అలాంటి చోటే. విదేశంలో పుట్టినవాడైతే పౌరసత్వ కాగితాల కోసం కూడా ఆ ఫైలే చూడండి.

అయిదేళ్లు నిండకుండానే పట్టా వచ్చిందంటే ఎకరాకు 1.25 డాలర్లు కట్టి కొనుక్కున్నాడేమో చూడండి. పట్టా దొరకకపోతే అతను అక్కడ లేడని తేల్చకండి. మధ్యలో వదిలేసిన దరఖాస్తులకూ ఫైళ్లున్నాయి.

పంటలు, పశువుల లెక్కకు 1880 వ్యవసాయ జనగణన పట్టికలు చూడండి. 1890 జనాభా షీట్లు 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు ఏవీ మిగల్లేదు. నాయకత్వం తెలియాలంటే స్కూలు బోర్డు మినిట్స్, కోర్టు రికార్డులు తిరగేయాలి. తరగతిలో బైబిల్ పఠనంపై ఫ్రీమన్ వేసిన దావాలో 1902లో నెబ్రాస్కా సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. ఆ సంగతి భూమి ఫైలులో ఎంత వెతికినా దొరకదు.