దసరాకు కొత్త బండి తీస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

వరంగల్ భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించగానే బండిని హైదరాబాద్ రోడ్డెక్కించేవాళ్లు మన దగ్గర చాలామంది. కొంచెం ఆగండి, కొత్త ఇంజిన్ సర్దుకునేదాకా ఈ జాగ్రత్తలు తప్పవు.

• హైవే మీద థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఒకేచోట పట్టి గంటలకొద్దీ పోవద్దు, ఫుల్లుగా తిప్పనూ వద్దు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు సర్దుకునేది ఇప్పుడే. సరిగ్గా కూర్చోకపోతే తర్వాత ఆయిల్ తాగుతుంది, ఇంజిన్ విప్పాల్సిందే. హన్మకొండ–కాజీపేట మధ్య స్పీడు పెంచుతూ తగ్గిస్తూ తిరగడమే నయం.

• అలాగని టాప్ గేరులో ఈడ్చొద్దు. బండి దడదడమంటుంటే ఇంజిన్‌ మీద బరువు పడుతున్నట్టే, గేరు దించండి.

• మొదటి సర్వీసు కిలోమీటర్లా, రోజులా అంటే ఏది ముందొస్తే అది. దాటితే వారంటీ దగ్గర పేచీ. దించిన ఆయిల్‌ను ఎండలో పట్టి చూడండి, సన్నటి లోహపు రజను తళుక్కుమంటుంది. అందుకే ఫిల్టరూ మార్పించాలి.

• సింథటిక్ ఇంజిన్ ఆయిల్‌కు తొందరేం లేదు. కంపెనీయే పోసిస్తే సరే, లేదంటే రింగులు సర్దుకున్నాకే.

• గేరు బండికి ఆయిల్ డబ్బా మీద జాసో (బైక్ ఆయిళ్లకు జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. చాలా బండ్లలో క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. మిగిలింది కదాని కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. గ్రేడు (ఆయిల్ చిక్కదనం) మాత్రం మాన్యువల్లో ఉన్నదే, షాపాయన చెప్పింది కాదు.

• ఆయిల్ లెవెల్ చూసేటప్పుడు బండి నిటారుగా ఉండాలి. సైడ్ స్టాండ్ మీద లెక్క తప్పుతుంది.