హోమ్ లోన్‌లో నెలకు రెండు వేలు అదనం: ఆ సొమ్ము అసలులోకే చేరేలా చూసుకోవడం

లోన్ 30 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుందాం. ఈఎంఐ 26,035 రూపాయలు వస్తుంది. మొదటి నెల అందులో 21,250 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 4,785. ఏడాది పొడవునా మూడు లక్షల పైచిలుకు కట్టినా అసలు 60 వేలు కూడా తగ్గదు. బ్యాంకు మోసమేమీ లేదు. వడ్డీ ఎప్పుడూ మిగిలి ఉన్న అసలు మీదే పడుతుంది, మొదట్లో ఆ అసలు కొండంత ఉంటుంది.

ఇదే లోన్‌కు మొదటి నెల నుంచి ఇంకో 2,000 కలిపి కడితే 240 నెలల అప్పు 201 నెలల్లో తీరుతుంది. అదనంగా కట్టింది మొత్తం 4.02 లక్షలు. కట్టక్కర్లేకుండా పోయిన ఈఎంఐలు 39, అంటే 10.15 లక్షలు. నికరంగా మిగిలేది 6.13 లక్షల వడ్డీ. మీ లోన్‌కు లెక్క వేసుకోవాలంటే ఎక్సెల్‌లో ఎన్‌పీఈఆర్ (NPER) ఫార్ములా చాలు: వార్షిక వడ్డీ రేటును 12తో భాగించి, నెలకు కట్టే మొత్తం ముందు మైనస్ గుర్తు పెట్టి, ఆ తర్వాత ఇవాళ్టి బాకీ ఇస్తే ఎన్ని నెలలు మిగిలాయో చెప్పేస్తుంది.

మొదలుపెట్టే ముందు ఇంట్లో ఉన్న మిగతా అప్పులు చూడండి. 8.5 శాతాన్ని మన ఊరి లెక్కలో చెప్పుకుంటే నూటికి నెలకు 71 పైసల వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదులు గానీ, క్రెడిట్ కార్డు బాకీ గానీ పెట్టుకుని హోమ్ లోన్‌లో అదనం కట్టడం తెలివైన పని కాదు. ముందు అవి తీరాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలతో సహా, చేతిలో ఉండాలి, ఎందుకంటే మామూలు లోన్‌లో కట్టిన అదనాన్ని వెనక్కి తీసుకునే వీలుండదు. చీటీ తొందరగా పాడుకుని ఆ డబ్బు లోన్‌లో వేయడం, 8.25 శాతం వస్తున్న పీఎఫ్ తీసి కట్టడం కూడా లాభసాటి లెక్కలు కావు. చీటీ పాటలో పోగొట్టుకునేది ఇక్కడ మిగిలే వడ్డీని తినేస్తుంది, పీఎఫ్‌తో తేడా పావు శాతమే.

ఇక కట్టే పద్ధతి. లోన్ స్టేట్‌మెంట్ దించుకుని మూడు అంకెలు రాసి పెట్టుకోండి: బాకీ ఉన్న అసలు, వడ్డీ రేటు, మిగిలిన నెలలు. తర్వాత యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో ‘పార్ట్ పేమెంట్’ అని ఉన్న చోటే కట్టండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ‘అడ్వాన్స్ ఈఎంఐ’ కింద కడితే ఆ సొమ్ము వచ్చే నెల వాయిదా కోసం పక్కన కూర్చుంటుంది, అసలులో రూపాయి కూడా తగ్గదు. కొన్ని బ్యాంకుల్లో లోన్ ఖాతా నంబరుకు నేరుగా ఎన్‌ఈఎఫ్‌టీ చేస్తే సరిపోతుంది. కొన్ని చోట్ల విడిగా అభ్యర్థన పెట్టకపోతే అది ‘అదనపు జమ’గా ఉండిపోతుంది. అందుకే మొదటిసారి 2,000 మాత్రమే కట్టి, నాలుగు రోజులాగి స్టేట్‌మెంట్ చూడండి. అసలు సరిగ్గా 2,000 తగ్గి కనిపిస్తేనే ఆ దారిలో నెలనెలా కట్టండి.

కట్టిన రోజే బ్రాంచికి మెయిల్ పెట్టండి: ‘ఈ మొత్తాన్ని అసలులో జమ చేయండి. ఈఎంఐ మార్చవద్దు, గడువు తగ్గించండి. కొత్త వాయిదాల పట్టిక పంపండి.’ మూడు వాక్యాలు చాలు, కానీ లక్షల తేడా వీటిలోనే ఉంది. పై లోన్‌లో ఏడాది తర్వాత ఒక లక్ష కట్టారనుకుందాం. గడువు తగ్గించమంటే 18 ఈఎంఐలు ఎగిరిపోతాయి, 3.70 లక్షల వడ్డీ మిగులుతుంది. ఈఎంఐ తగ్గించమంటే నెలకు 885 రూపాయలు తగ్గుతుంది, చివరిదాకా చూస్తే మిగిలేది 1.02 లక్షలే. తగ్గిన ఆ 885ను ప్రతి నెలా తిరిగి లోన్‌లోనే వేస్తే ఫలితం దాదాపు ఒకటే అవుతుంది, కాకపోతే ఆ డబ్బు ఏ నెలా చేతిలో నిలవదు! ఆదాయం నిలకడగా లేనివాళ్లకు మాత్రం ఈఎంఐ తగ్గించుకోవడమే క్షేమం.

అదే లక్షను 15 ఏళ్లు గడిచాక కడితే మిగిలేది దాదాపు 50 వేలే. అదనం కట్టే ఓపిక ఉంటే మొదటి ఏడెనిమిదేళ్లలోనే చూపించాలి.

కొన్ని సంస్థలు ఒక ఈఎంఐ కంటే తక్కువ పార్ట్ పేమెంట్ తీసుకోవు. అలాంటప్పుడు నెలకు 2,200 చొప్పున ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) వేసి ఏడాదికోసారి కట్టండి. ఏటా ఒక ఈఎంఐ అదనంగా కట్టినా లోన్ 16 ఏళ్ల 9 నెలల్లో తీరుతుంది. జీతం పెరిగినప్పుడల్లా, ఏటా 5 శాతం చొప్పున ఈఎంఐ పెంచుకుంటూ పోతే 12 ఏళ్ల చిల్లరలోనే అయిపోతుంది. ఇన్ని పద్ధతుల్లో బలమైనది ఇదే, కానీ పిల్లల చదువుల ఖర్చు మొదలయ్యాక నిలబెట్టుకోవడం కష్టం. అప్పుడు మళ్లీ పాత ఈఎంఐకి రావాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి. అందుకే ఈఎంఐని అధికారికంగా పెంచడం కన్నా అదనాన్ని పార్ట్ పేమెంట్‌గా కట్టడమే మేలు.

రేటు తగ్గిన రోజులు వీటన్నిటికన్నా సులువైన అవకాశం. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ అప్పిచ్చే రేటు) 6.5 నుంచి 5.5 శాతానికి దిగింది. 8.5 కాస్తా 7.5 అయినప్పుడు ఈఎంఐ అలాగే ఉంచితే, 30 లక్షల బాకీ 240 బదులు దాదాపు 204 నెలల్లో తీరిపోతుంది, జేబులోంచి కొత్తగా రూపాయి తీయకుండానే. అయితే తగ్గింపు మీ ఖాతాకు చేరిందో లేదో చూసుకోవాలి. 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న లోన్ ఇంకా ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి పెట్టే రేటు) మీదో అంతకన్నా పాత బేస్ రేటు మీదో నడుస్తూ ఉండవచ్చు. రెపో ఆధారిత రేటుకు మార్చడానికి ఎంత రుసుము అవుతుందో అడగండి. రేటు పెరిగినప్పుడు కథ తిరగబడుతుంది: బ్యాంకు ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పొడిగిస్తుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది ఎంచుకునే వీలు మీకు ఇవ్వాలి.

జరిమానా సంగతి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (ఎప్పటికప్పుడు మారే రేటు) హోమ్ లోన్‌పై ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదని బ్యాంకులకు 2012లోనే ఆదేశాలు ఉన్నాయి. స్థిర రేటు లోన్ అయితే రుసుము ఉండవచ్చు, ఒప్పంద పత్రం చదవండి. 

అదనం కడదామని ఉన్నా అవసరానికి డబ్బు చిక్కదేమోనన్న భయం ఉంటే ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి లోన్‌లు చూడండి. అందులో వేసిన మిగులు మేరకు వడ్డీ తగ్గుతుంది, కావలసినప్పుడు ఆ డబ్బు తీసుకోవచ్చు. తీసి వాడే అలవాటున్నవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీపై ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు పొందుతారు. పై లోన్‌లో మొదటి ఏడాది వడ్డీ 2.5 లక్షలు దాటుతుంది, తర్వాత కొన్నేళ్లూ 2 లక్షల పైనే ఉంటుంది కాబట్టి కొంచెం అదనం కట్టినా ఆ మినహాయింపు చెక్కుచెదరదు.

ఆఖరి వాయిదా అయ్యాక బ్యాంకు నుంచి నో డ్యూ సర్టిఫికెట్, అసలు దస్తావేజులు తీసుకుని పేజీ పేజీ సరిచూసుకోండి. బాకీ తీరిన 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకు వల్లే అయితే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం వస్తుంది. లోన్ సమయంలో తాకట్టు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదై ఉంటే దాని రద్దు కూడా అక్కడే నమోదు చేయించాలి. ఆ తర్వాత కొత్త ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్టులు చూపే పత్రం) తీసి, తాకట్టు రద్దయినట్టు అందులో ఎక్కిందో లేదో చూడండి. బ్యాంకు ఖాతాలో ఈఎంఐ కోసం ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి కూడా రద్దు చేయించండి.