నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే పని నడిపించడం ఎట్లా?

చీమకుర్తి క్వారీలకు విదేశాల నుంచి గ్రానైట్ కొనేవాళ్లు వస్తుంటారు. బ్లాకు మంచిచెడ్డలు అందరికంటే బాగా తెలిసింది అక్కడ పనిచేసే మనవాళ్లకే, కానీ మాట్లాడాల్సి వచ్చేసరికి మెల్లగా వెనక్కి జరుగుతారు, ఎందుకంటే ఏదో ఒక్క పదం తట్టదు, దానికోసం తడుముకుంటూ మొత్తం వాక్యమే మింగేస్తారు. ఆ పదాన్ని వదిలేయండి. వచ్చిన మాటలతోనే దాని చుట్టూ తిరిగి చెప్పండి.

బ్లాకులో వెంట్రుకంత పగులు ఉంది, ఇంగ్లీషులో ఏమంటారో గుర్తు రావట్లేదు అనుకోండి. బకెట్ నీళ్లు తెచ్చి రాయి మీద పోయండి. పైన తడి ఆరిపోతుంది, పగులు దగ్గర మాత్రం తడి గీతలా కాసేపు నిలుస్తుంది. అక్కడ వేలు పెట్టి 'సీ దిస్ లైన్. వాటర్ గోస్ ఇన్. నాట్ గుడ్ ఫర్ బిగ్ స్లాబ్' అనండి. గ్రామర్ మాస్టారికి నచ్చకపోవచ్చు గానీ, కొనేవాడికి కావాల్సింది అందింది కదా.

ఇదేం కొత్త కిటుకు కాదు. 1930లోనే సి.కె. ఆగ్డెన్ అనే ఇంగ్లండు భాషావేత్త 850 పదాలతో 'బేసిక్ ఇంగ్లీష్' తయారుచేశాడు, అందులో క్రియలు 18 మాత్రమే. గో, కమ్, గెట్, గివ్, టేక్, పుట్ లాంటివి. వాటికి ఇన్, అవుట్, బ్యాక్ తగిలిస్తే బోలెడు పనులు జరుగుతాయి: 'ఎంటర్' రాకపోతే గో ఇన్, 'రిమూవ్' రాకపోతే టేక్ అవుట్, 'రిటర్న్' రాకపోతే గివ్ బ్యాక్. అయితే అర్థం పైకి కనిపించే జంటలనే పట్టుకోండి. 'పుట్ అప్ విత్' అంటే భరించడమని ఆ మూడు ముక్కలూ చూసి ఎవరు చెప్పగలరు? అలాంటివి తర్వాత చూసుకోవచ్చు.

మనం బాగా దెబ్బతినేది మాత్రం యెస్, నో దగ్గర. 'లారీ రాలేదా?' అంటే తెలుగులో 'అవును, రాలేదు' అంటాం. అదే అలవాటులో 'డిడ్న్ట్ ద లారీ కమ్?' అని అడిగితే 'యెస్' అనేస్తాం, అవతలివాడు లారీ వచ్చేసిందనుకుని లోడింగ్‌కి మనుషుల్ని పిలుస్తాడు. అందుకే ఉత్త యెస్, నోలతో ఆపొద్దు, 'ద లారీ డిడ్ నాట్ కమ్' అని పూర్తిగా చెప్పండి. రేట్ల దగ్గరా ఇదే జాగ్రత్త. ఫిఫ్టీనా, ఫిఫ్టీయా అని అనుమానమొస్తే 'వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?' అని అంకెలు విడగొట్టి అడగండి, ఇందులో నామోషీ ఏం లేదు.

వినడానికైతే వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్లు 1959లో మొదలుపెట్టిన 'స్పెషల్ ఇంగ్లీష్' కార్యక్రమాల పాత రికార్డింగులు మంచివి. దాదాపు 1500 పదాలు, చిన్న వాక్యాలు, నిదానంగా చదువుతారు.

ప్రాక్టీసుకు ఇంట్లో ఉన్న వస్తువులు చాలు. చింతపండుకి ఇంగ్లీషు పేరు వాడకుండా నెల్లూరు చేపల పులుసు గురించి చెప్పి చూడండి: 'ఫిష్ ఇన్ హాట్ సోర్ సూప్. వీ పుట్ మ్యాంగో ఆల్సో. నెక్స్ట్ డే, మోర్ టేస్ట్.'