పాత జీపు తలుపు జారితే: కబ్జాలకు కొత్త బుష్, కొత్త పిన్ను వేసే పద్ధతి

ఒడిశాలోని సిమిలిగుడ, పొట్టంగి వైపు కొండ ఊళ్లకు తిరిగే పాత జీపుల్లో తలుపు సవ్యంగా పడేవి అరుదు. చేత్తో పైకి ఎత్తి గట్టిగా కొడితే తప్ప లాకు పడదు. దానికి మన వర్క్‌షాపుల్లో చేసే వైద్యం ఒక్కటే: కబ్జా (తలుపును బండికి కలిపే కీలు) సందులో చెక్కముక్క పెట్టి, తలుపును బలంగా నెట్టి, కబ్జానే వంచేస్తారు. ఆ పూటకు లాకు పడుతుంది, కానీ కబ్జా మధ్యలోని అరిగిన పిన్ను అరిగినట్లే ఉంటుంది కనుక, సాలూరు ఘాటీ నాలుగుసార్లు దిగి ఎక్కేసరికి తలుపు మళ్లీ జారుతుంది, పైగా ఈసారి కబ్జా కూడా వంకరపోయి ఉంటుంది.

తలుపు బరువు పై కబ్జాను పిల్లరు (కబ్జాలు బిగించిన నిలువు స్తంభం) నుంచి దూరంగా లాగుతుంది, కింది కబ్జాను పిల్లరు వైపు నెడుతుంది. అందుకే పిన్ను రంధ్రాలు గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో, రెండింటిలో ఎదురెదురు దిక్కులకు అరుగుతాయి. కబ్జాల మధ్య దూరం 40 సెంటీమీటర్లు, తలుపు వెడల్పు 80 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కోదానిలో అర మిల్లీమీటరు వదులు ఉన్నా లాకు దగ్గర తలుపు 2 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. కనుక పై కబ్జా ఒక్కటే బాగుచేయించి ఊరుకోకూడదు, రెండూ కలిపే చేయాలి.

స్పానర్లు, ఇంపాక్ట్ డ్రైవర్, పంచ్, బెంచ్ వైస్, రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు నున్నగా కోసే పనిముట్టు) ఉంటే చాలు. లేత్ పని బయట చేయించుకోవచ్చు. విప్పే ముందు కబ్జాల చుట్టూ సూదిమొనతో గీత గీసి, కింద షిమ్ములు (సందు సర్దే పలుచని రేకులు) ఎన్ని ఉన్నాయో రాసుకోండి. జాకీ మీద గోనెసంచి వేసి తలుపును దానిపై ఆనించి, బోల్టులు తీయండి.

పిన్ను తీయడానికి ముందురోజు రాత్రి కబ్జాలను కిరోసిన్‌లో నానబెట్టాలి. చాలా పిన్నులకు ఒక చివర గాడులు ఉంటాయి, కాబట్టి నున్నగా ఉన్న చివర కొట్టి, గాడుల చివర ముందుగా బయటికి వచ్చేలా తీయాలి. రాలేదని గ్యాస్ మంట పెట్టకండి. నేను ఒకసారి తొందరపడి ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టగా, పిన్ను చివరను పట్టుకునే పోత ఇనుప చెవి పగిలింది, ఆ కబ్జా ఇక పనికిరాలేదు.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచి మొదలవుతుంది. పక్క చెవుల్లో పిన్ను బిగుతుగా ఉంటుంది కనుక అవి సాధారణంగా అరగవు, అరిగేది నడిమి గొట్టం. ఆ గొట్టాన్ని డ్రిల్లుతో పెద్దది చేయమని ఎవరు చెప్పినా వినకండి. డ్రిల్ బిట్ అప్పటికే ఉన్న రంధ్రాన్నే అనుసరిస్తుంది, అరిగిన వైపుకే జారుతుంది, కొత్త రంధ్రం కూడా వంకరగానే వస్తుంది. రంగు, తుప్పు గీకేసిన గొట్టం బయటి గుండ్రాన్ని డయల్ గేజీతో (వంకరను ముల్లుతో చూపే సాధనం) సరిచూసి, లేత్ మీద బోరింగ్ టూలుతో కోయించాలి. పిన్ను 8 మిల్లీమీటర్లదైతే గొట్టాన్ని 10 మిల్లీమీటర్లకు కోయించి, బయటి కొలత 10.03, లోపలి కొలత 7.8 ఉన్న గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్, అంటే గొట్టంలో తొడిగే చిన్న గొట్టం, చేయించండి. పనివాడు కొలత వెర్నియర్‌తో కాదు, మైక్రోమీటర్‌తో చూసేలా దగ్గర నిలబడండి.

బుష్‌ను సుత్తితో కొట్టి ఎక్కించకూడదు, దాని అంచు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వైస్ దవడలకు అల్యూమినియం రేకులు తొడిగి, బుష్ నిటారుగా ఉందో లేదో ప్రతి పావు చుట్టుకూ చూసుకుంటూ మెల్లగా నొక్కాలి. ఎక్కిన తరువాత బుష్ లోపలి కొలత కొంత ముడుచుకుంటుంది. అందుకే ముందుగానే 8కి చేయించిన బుష్‌లో పిన్ను పట్టదు. ఎక్కించాకే 8 మిల్లీమీటర్ల రీమర్ నడపాలి, అదీ కుడివైపుకే తిప్పుతూ. బయటికి తీసేటప్పుడు కూడా వెనక్కి తిప్పకండి, రీమర్ అంచు మొద్దుబారి రంధ్రం గీతలు పడుతుంది. పిన్నును ఈఎన్8 రకం ఉక్కు రాడ్డు నుంచి 7.97కు తీయించి, చెవుల్లో బిగియడానికి ఒక చివర గాడులు వేయించాలి. బోల్టు ముక్క కోసి పిన్నుగా వేయడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు, దాని మరలు బుష్‌ను ఆకురాయిలా అరగదీస్తాయి. పిన్ను పెట్టాక కబ్జాను ఒక వేలితో తిప్పితే ఎక్కడా పట్టకుండా, ఎక్కడా ఊగకుండా తిరగాలి. ఎక్కడైనా పడితే మళ్లీ రీమర్ పెట్టాలి తప్ప బలవంతంగా తిప్పకూడదు.

రెడాక్సైడ్, రంగు వేసి, పాత గీతల మీదే కబ్జాలు బిగించండి. ముందుగా లాకు వైపు పిల్లరు మీది కొక్కేన్ని విప్పి పక్కన పెట్టాలి, అది ఉంటే తలుపును పైకి ఎత్తి పట్టుకుని అసలు తప్పును కప్పేస్తుంది. చుట్టూ సందు సమంగా వచ్చిన తరువాతే కొక్కెం బిగించాలి. ఈ కొండదారుల ఎర్రదుమ్ము గ్రీజులో కలిస్తే ఇసుక కాగితంలా అరగదీస్తుంది, కనుక గ్రీజుకు బదులు నెలకొకసారి రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి, పైకి కారినది గుడ్డతో తుడిచేయండి. వారం తిరిగాక బోల్టులు మరోసారి బిగించండి.