ఈమ్యాక్స్‌లో మీట నొక్కితే ఆదేశం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఒక షార్ట్‌కట్‌ను మనకు నచ్చినట్టు మార్చుకున్న తరువాత అది కొన్ని ఫైళ్లలో పనిచేసి, మరికొన్నింటిలో పనిచేయకపోవడం కొత్తవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు. సెట్టింగుల ఫైలులో రాసిన వాక్యం సరిగానే ఉంటుంది, అయినా ఆ మీట వేరే పని చేస్తుంది. ఇలాంటప్పుడు రాసినదాన్నే పదేపదే మార్చి చూడడం కన్నా, మీట నొక్కినప్పుడు ఎడిటర్ ఏయే చోట్ల, ఏ వరుసలో వెతుకుతుందో ఒక్కసారి తెలుసుకోవడం మేలు. ఆ వరుసకు కచ్చితమైన నియమం ఉంది.

మామూలు అక్షరానికీ షార్ట్‌కట్‌కూ ఈమ్యాక్స్‌లో మౌలికమైన తేడా లేదు. అక్షరం టైపు చేసినప్పుడు కూడా సెల్ఫ్-ఇన్సర్ట్-కమాండ్ అనే ఆదేశం నడిచి దాన్ని బఫర్‌లో, అంటే తెరిచిన ఫైలు పాఠ్యం ఉండే చోట, చేరుస్తుంది. ఏ మీటకు ఏ ఆదేశమో చెప్పే పట్టికను కీమ్యాప్ అంటారు. ఆ పట్టికలో ఒక మీటకు ఎదురుగా ఆదేశానికి బదులు మరో కీమ్యాప్ ఉండవచ్చు. అటువంటి మీట ప్రిఫిక్స్ అవుతుంది. ఫైలు తెరవడానికి కంట్రోల్-ఎక్స్, ఆపై కంట్రోల్-ఎఫ్ నొక్కినప్పుడు మొదటి మీట రెండో పట్టికకు దారి చూపుతుంది, రెండో మీటకు ఆ పట్టికలో ఫైండ్-ఫైల్ అనే ఆదేశం దొరుకుతుంది. దొరికినది పట్టిక అయితే ఎడిటర్ తరువాతి మీట కోసం ఆగుతుంది, ఆదేశం అయితే నడుపుతుంది.

ఒకే సమయంలో అనేక కీమ్యాప్‌లు అమలులో ఉంటాయి కాబట్టి వాటి ప్రాధాన్య క్రమమే అసలు విషయం. వెతుకుతూ టైపు చేసే ఐసెర్చ్ వంటి సందర్భాల్లో తాత్కాలికంగా పైకి వచ్చే కీమ్యాప్‌ది అన్నిటికన్నా మొదటి స్థానం. అలాంటిది లేనప్పుడు కర్సర్ ఉన్న చోటి పాఠ్యానికే అంటించిన కీమ్యాప్‌ను చూస్తుంది. బఫర్‌లోని లింకులు, బటన్లు ఎంటర్ మీటకు వేరుగా స్పందించడానికి కారణం ఇదే. దాని తరువాత కొన్ని అదనపు ప్యాకేజీలు తమ మీటలను పైకి తేవడానికి వాడుకునే ఎమ్యులేషన్-మోడ్-మ్యాప్-అలిస్ట్‌లు అనే జాబితా, ఆపై అమలులో ఉన్న మైనర్ మోడ్‌ల (విడిగా ఆన్, ఆఫ్ చేసుకోగల అదనపు సౌకర్యాల) కీమ్యాప్‌లు, ఆపై ఆ బఫర్ మేజర్ మోడ్ (ఆ రకం ఫైలుకు తగిన ప్రధాన అమరిక, ఒక్కో బఫర్‌కు ఒక్కటే) కీమ్యాప్, అన్నిటికన్నా చివర గ్లోబల్ కీమ్యాప్ వస్తాయి. పైన దొరికితే కింద ఉన్నదాని ప్రమేయం ఉండదు. మనలో చాలామందిమి మన మీటలను గ్లోబల్ కీమ్యాప్‌లో, అంటే అందరికన్నా బలహీనమైన చోట రాసుకుంటాము; పై పట్టికల్లో ఏ ఒక్కటి అదే మీటను వాడుకున్నా మనది మరుగున పడుతుంది.

ప్రతి కీమ్యాప్‌కు ఒక మాతృ కీమ్యాప్ ఉండవచ్చు. తనలో లేని మీట కోసం అది ముందుగా మాతృకలో చూసి, అక్కడ కూడా లేకపోతేనే కింది పట్టికకు అవకాశం ఇస్తుంది. ప్రిఫిక్స్‌ల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. ఒక మైనర్ మోడ్ కంట్రోల్-సి ప్రిఫిక్స్ కింద రెండు మీటలను మాత్రమే పెట్టుకున్నదనుకుందాం. అదే ప్రిఫిక్స్ కింద మిగిలిన మీటలకు మేజర్ మోడ్‌లోనూ గ్లోబల్‌లోనూ ఉన్న అర్థాలు చెక్కుచెదరవు. కాని ఆ మైనర్ మోడ్ కంట్రోల్-సినే నేరుగా ఒక ఆదేశానికి ఇచ్చిందంటే, కింది పట్టికల్లో ఆ ప్రిఫిక్స్‌తో మొదలయ్యేవన్నీ అందకుండా పోతాయి.

టెర్మినల్‌లో వాడేవారు ఇంకొక సంగతి గమనించాలి. సాధారణ టెర్మినల్ నుంచి వచ్చేవి అక్షర సంకేతాలు మాత్రమే. కంట్రోల్-ఐకి, ట్యాబ్‌కు సంకేతం 9 ఒక్కటే, కంట్రోల్-ఎమ్‌కు, ఎంటర్‌కు 13 ఒక్కటే. అక్కడ ఆ రెండింటినీ వేరు చేసే ప్రయత్నం ఫలించదు. మెటా మీట (చాలా కీబోర్డుల్లో ఆల్ట్) కూడా లోపల ఎస్కేప్ ప్రిఫిక్స్‌గానే నమోదవుతుంది, అందుకే ఎస్కేప్ నొక్కి వదిలి తరువాత ఎక్స్ నొక్కినా మెటా-ఎక్స్ పనే జరుగుతుంది.

ఇక చిక్కు విప్పే పద్ధతి చూద్దాం. మీట పనిచేయని బఫర్‌లోనే ఉండి కంట్రోల్-హెచ్, కె నొక్కి, ఆపై ఆ మీటను నొక్కాలి. ఏ ఆదేశం నడుస్తుందో, అది ఏ కీమ్యాప్‌లో దొరికిందో సహాయ విండో చెబుతుంది. వేరే బఫర్‌లో అడిగితే వేరే జవాబు రావచ్చు గనుక చోటు ముఖ్యం. కంట్రోల్-హెచ్, బి ఆ బఫర్‌లో అమలులో ఉన్న మీటలన్నింటినీ చూపుతుంది. ఒక ప్రిఫిక్స్ నొక్కి ఆగి కంట్రోల్-హెచ్ నొక్కితే సాధారణంగా దాని కింద ఉన్నవన్నీ కనిపిస్తాయి. నా దృష్టిలో ఈమ్యాక్స్ నేర్చుకునేవారికి ఇంతకన్నా ఉపయోగపడే అలవాటు లేదు.

కారణం తెలిసిన తరువాత మీటను తగిన చోట రాయాలి. అంతటా కావాలంటే 29వ వెర్షన్ నుంచి ఉన్న కీమ్యాప్-గ్లోబల్-సెట్‌ను, ఒక మోడ్‌లోనే కావాలంటే ఆ మోడ్ కీమ్యాప్ పేరుతో కీమ్యాప్-సెట్‌ను వాడాలి. మోడ్ ఇంకా లోడ్ కాకపోతే దాని కీమ్యాప్ ఉండదు కాబట్టి ఆ వాక్యాన్ని విత్-ఇవాల్-ఆఫ్టర్-లోడ్ లోపల ఉంచాలి. ఏ మోడ్ కూడా అడ్డురాకూడదనుకుంటే సెట్టింగులు రాయడానికి వాడే యూజ్-ప్యాకేజ్ అనే ప్యాకేజీతో వచ్చే బైండ్-కీ-స్టార్ ఉంది. అది మీటను ఎమ్యులేషన్ జాబితా ద్వారా పైకి తెస్తుంది. దాన్ని పొదుపుగా వాడడమే మంచిది. అసలు గొడవే రాకుండా ఉండాలంటే కంట్రోల్-సి తరువాత ఒక్క అక్షరం ఉండే వరుసలు, ఎఫ్5 నుంచి ఎఫ్9 వరకు ఉన్న మీటలు మనలాంటి వాడుకరులకే కేటాయించారు. నియమం పాటించే ప్యాకేజీలు వాటిని ముట్టుకోవు.

మీట కాకుండా ఆదేశమే మారాలనుకున్నప్పుడు రీమ్యాప్ చేయవచ్చు. కిల్-లైన్‌కు బదులు మన ఆదేశాన్ని రీమ్యాప్‌గా రాస్తే, కిల్-లైన్ ఏ మీటకు ఉన్నా ఆ మీటకు మనది నడుస్తుంది. ఇది ఒక్క మెట్టు వరకే పనిచేస్తుంది. రీమ్యాప్ చేసినదాన్ని మళ్లీ రీమ్యాప్ చేస్తే ఎడిటర్ అంత దూరం వెళ్లదు.

కంట్రోల్-ఓ, ఎఫ్ వంటి వరుసను ఇవ్వబోతే ప్రిఫిక్స్ కాని మీటతో మొదలైందన్న తప్పు సందేశం వస్తుంది, ఎందుకంటే కంట్రోల్-ఓకు ఓపెన్-లైన్ అనే ఆదేశం ముందే ఉంది. ముందు దాన్ని కీమ్యాప్-గ్లోబల్-అన్‌సెట్‌తో ఖాళీ చేసి, ఆపై కొత్త వరుస రాయాలి. మాతృక ఉన్న కీమ్యాప్‌లో మామూలుగా ఖాళీ చేస్తే మాతృకలోని అర్థం కూడా కనబడదు. అది తిరిగి బయటపడాలంటే కీమ్యాప్-అన్‌సెట్‌లో రిమూవ్ అన్న ఐచ్ఛికాన్ని కూడా ఇవ్వాలి.

కంట్రోల్-హెచ్, కె తరువాత మీట నొక్కినా ఎడిటర్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంటే, కంట్రోల్-జి నొక్కి బయటకు వచ్చి, మళ్లీ ఆ మీట నొక్కి, కంట్రోల్-హెచ్, ఎల్‌తో ఇటీవల నొక్కిన మీటల జాబితాను తెరవాలి. అందులో కూడా ఆ మీట కనిపించకపోతే అది ఈమ్యాక్స్ వరకు చేరలేదన్నమాట. విండో మేనేజరో, ఆపరేటింగ్ సిస్టమో, టెర్మినలో దాన్ని దారిలోనే తీసుకుని ఉంటుంది, కాబట్టి మార్పు చేయవలసింది అక్కడి సెట్టింగుల్లోనే.